మంచు దారిలో నేనూ, మౌసమ్ బాబూ

నేను ఒక కొండ సైకిల్‌ని. కొండల కోసమే పుట్టానని నా ఒంటిమీద ఏటవాలు అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ మాట రాసినవాడు కొండ చూశాడో లేదో నాకు అనుమానమే. నేను పుట్టింది లూధియానాలో. అక్కడ ఎత్తయినదంటూ ఏదైనా ఉంటే అది ఫ్యాక్టరీ పొగగొట్టం. పైపులు కోశారు, అతికారు, రంగు కొట్టారు, మందపాటి గళ్ల టైర్లు తొడిగారు, ఇరవై ఒక్క గేర్లు బిగించారు. అదే రోజు నాతోపాటు నాలుగు వందల మంది పుట్టారు. ఎవరమూ ఏడవలేదు.

నన్ను మొదట కొన్నవాడు చండీగఢ్‌లో హర్‌కీరత్ అనే ఆసామి. బరువు తగ్గకపోతే కష్టమని డాక్టరు చెప్పాడట. నన్ను కొన్న రోజునే సగం బరువు తగ్గినట్టు అతని మొహం వెలిగిపోయింది. రెండు రోజులు తొక్కాడు. మూడో రోజు నా హ్యాండిల్ మీద తువ్వాలు ఆరేశాడు. తువ్వాలు చక్కగా ఆరింది. ఆ తర్వాత ఏడాదిపాటు ఆ ఇంట్లో నా ఉద్యోగం అదే.

ఒక సెప్టెంబరులో స్నేహితులు ఉసిగొల్పితే అతను నన్ను జీపు మీద కట్టుకుని హిమాచల్‌లో గ్యామ్‌సా అనే ఊరికి తీసుకొచ్చాడు. అక్కణ్ణించి కనుమ దాటి అవతలి లోయలోకి తొక్కుకుంటూ పోవాలని వాళ్ల పథకం. ఏడో కిలోమీటరు దగ్గర హర్‌కీరత్ దిగి, ఒక రాయి మీద కూర్చుని, చాలాసేపు ఆకాశం చూశాడు. తర్వాత నన్ను నడిపించుకుంటూ ఊళ్లోకి తిరిగొచ్చి, దెచెన్ టీ కొట్టు గోడకి ఆనించి, "వచ్చే ఏడు వచ్చి తీసుకెళ్తా" అని చెప్పి బస్సెక్కాడు. మంచివాడే. మళ్ళీ రాలేదు.

దెచెన్‌కి అప్పటికి నలభై ఏళ్లుంటాయి. చేసే పని ఎక్కువ, మాట తక్కువ. కొట్టూ ఆమెదే, వెనక ఇల్లూ ఆమెదే. చెల్లెలు ఆంగ్‌మోని చదివిస్తున్నది కూడా ఆమే. నన్ను వాడుకోవడంలో హర్‌కీరత్ కన్నా ఒక మెట్టు పైనే ఉంది. తువ్వాళ్లకి బదులు నా మీద ముల్లంగి ఆకు ఎండేది. చలికాలంలో అక్కడ పచ్చని ఆకు దొరకదు కనక ముందే ఎండబెట్టి దాచుకుంటారు. ఎవరి ఆకలికో పనికొస్తున్నానని నాకు కాస్త తృప్తిగానే ఉండేది.

ఆ అక్టోబరులోనే మజ్జి పారినాయుడు ఆ ఊళ్లో బస్సు దిగాడు.

ఆయనది పార్వతీపురం దగ్గర ఒక పల్లె. వయసు నలభై ఆరు. వానా, గాలీ, ఎండా కొలిచే శాఖలో పరిశీలకుడు. ఇంటికి దగ్గరగా శ్రీకాకుళం బదిలీ ఇప్పించమని అర్జీ పెట్టుకుంటూ, చివర్లో మర్యాదకి "లేనిపక్షంలో తమరు ఎక్కడికి పంపినా సిద్ధమే" అని రాశాడు. మర్యాద మాటల్ని కూడా అక్షరాలా చదివేవాళ్లు ఆఫీసుల్లో ఉంటారు. గ్యామ్‌సా మంచు కొలిచే కేంద్రానికి వేశారు. మంచుగడ్డ అంటే ఆయనకి అప్పటిదాకా చేపల బుట్టలో వేసేదని మాత్రమే తెలుసు.

ఊరివాళ్లు ఆయన్ని మౌసమ్ బాబు అన్నారు. వాతావరణం బాబు అని దాని అర్థం. ఆయన పని చెప్పుకోవడానికి చిన్నది. ఊరికి ఐదు కిలోమీటర్లు ఎగువన రోడ్డు మలుపులో కంచె వేసిన చిన్న మడి ఉంది. రోజూ పొద్దున్నే అక్కడికి వెళ్లి మంచు ఎంత లోతు పడిందో, ఎంత చల్లగా ఉందో చూసి, గుంట తవ్వి లోపలి పొరలు ఎలా ఉన్నాయో రాసుకుని, ఊళ్లోకి దిగి వైర్‌లెస్‌లో అంకెలు చెప్పాలి. ఆ అంకెలు ఎవరు వింటారో, విని ఏం చేస్తారో ఆయనకి ఎవరూ చెప్పలేదు. అంకెలు చెప్పడం వరకే ఆయన వంతు.

నవంబరులో మంచు పడింది. బస్సు ఆగిపోయింది. రోడ్డు ఉంది గానీ దాని మీద మనుషులూ గొర్రెలూ నడిచి నడిచి మంచు గట్టిపడి, కొన్నిచోట్ల నున్నటి గడ్డ అయింది. మొదటి రోజు పారినాయుడు పైకి రెండు గంటలు నడిచాడు. పదకొండుసార్లు పడ్డాడు. కొలవడం వృత్తి కాబట్టి లెక్కపెట్టాడు. వారం గడిచాక, కుంటుకుంటూ టీ కొట్టుకి వచ్చి కూర్చున్నప్పుడు ఆయన చూపు నా మీద పడింది.

"దీదీ, ఆ సైకిల్ ఎవరిది?"

"ఎవరిదీ కాదు."

"నేను తీసుకోనా?"

దెచెన్ నా మీదున్న ఆకును వేళ్లతో నలిపి చూసింది. "రెండు రోజులాగండి. ఇంకా పచ్చిగా ఉంది."

మంచు మీద సైకిలేమిటని ఊళ్లో అందరూ నవ్వారు. పారినాయుడు నవ్వలేదు, వాదించలేదు. వాళ్ల ఊళ్లో రాతినేల మీద నడిచే ఎద్దులకి నాడాలు కొడతారట. అదే ఉపాయం నాకు చేశాడు. టైర్లు విప్పి, లోపలి వైపు నుంచి ఒక్కో గడిలో ఒక్కో చిన్న స్క్రూ బిగించాడు. మొన బయటికి రావాలి, తల లోపల ఉండాలి. ఆ తలలు ట్యూబుని కొరకకుండా మధ్యలో పాత ట్యూబుని చీల్చి పరిచాడు. రెండు టైర్లకీ కలిపి రెండు వందల పదహారు. ఆ పని చేస్తున్నంతసేపూ నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఆ లోయలో తెలుగు తెలిసినవాళ్లు ఇంకెవరూ లేరు. నాకూ తెలియదు గానీ, రోజూ వింటే ఎవరికైనా వస్తుంది. ఈ కథ మీకు తెలుగులో చెప్పగలుగుతున్నానంటే ఆయన వల్లే.

మేమిద్దరం మంచు మీద నడక నేర్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. మొదటి పాఠం ముందు బ్రేకు గురించి. గడ్డ మీద ముందు బ్రేకు పట్టుకుంటే నేను ఆగుతాను, ఆయన ఆగడు. రెండోది గాలి గురించి. బిర్రుగా కొడితే నా టైర్లు మంచు మీద గోళీల్లా జారేవి. సగానికి పైగా తీసేస్తే పొట్ట పరుచుకుని పట్టు చిక్కింది. మలుపులో హ్యాండిల్ విసురుగా తిప్పకూడదు. నెత్తిన నిండు బిందె ఉన్నవాడిలా, ఒళ్లు కదలకుండా మెల్లగా ఒరగాలి. ఎక్కుడులో నిలబడి తొక్కితే వెనక చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. కాబట్టి సీటు మీదే బరువు వేసి, రుబ్బురోలు తిప్పినట్టు ఒకే తీరుగా తొక్కాలి. ఇక గేర్ల సంగతి. తీగల్లో తేమ గడ్డకట్టి చలికాలమంతా ఒక్క గేరే పనిచేసింది. మిగతా ఇరవై గౌరవ సభ్యులు.

డిసెంబరు చివరికి రెండు గంటల ఎక్కుడు యాభై నిమిషాలకి వచ్చింది. దిగడం ఇరవై నిమిషాలు. పడటం వారానికి ఒకటి రెండుసార్లు. దెచెన్ రోజూ పొద్దున ఆయన ఫ్లాస్కులో ఉప్పు టీ నింపి ఇచ్చేది. అందులో వెన్న వేస్తారు. మొదట్లో ఆయన దాన్ని చారు అనుకుని తాగేవాడు. తర్వాత్తర్వాత అదిలేందే అడుగు కదిపేవాడు కాదు.

జనవరిలో ఒకరోజు ఫోన్ కలిసింది. ఇంటినుంచి ఆయన భార్య ఈశ్వరి.

"ఏటండీ, సైకిలు తొక్కుతన్నారట? మంచు మీదా?"

"ఏం పర్వాలేదే. టైర్లకి స్క్రూలు కొట్టేను. రెండొందల పదహారు."

"ఒలమ్మో! మేకులే? గాలి పోదేటండీ?"

"పోదులే. లోపల పాత ట్యూబు పరిచేను."

"పడితే అక్కడ ఎవులు చూస్తారండీ మిమ్మల్ని?"

పారినాయుడు నా వైపు చూశాడు. "చూసేవాళ్లున్నార్లే" అన్నాడు. నేను అది విని ఊరుకున్నాను. నేనేం చూడగలను?

అసలు సంగతి ఫిబ్రవరిలో జరిగింది.

గ్యామ్‌సా నుంచి చలికాలంలో బయటపడాలంటే హెలికాప్టర్ ఒక్కటే దారి. అది దిగే చోటు ఊరికి దిగువన మూడు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ దారి మధ్యలో ఒక నాలా ఉంది. నాలా అంటే కొండ నడినెత్తి నుంచి దిగే పెద్ద చీలిక. వేసవిలో అందులో నీళ్లు దిగుతాయి, చలికాలంలో మంచు దిగుతుంది. ఆ ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు ఆగకుండా మంచు కురిసింది. రెండుసార్లు హెలికాప్టర్ రావలసి ఉండి రాలేదు. పదో రోజు, గురువారం, తెల్లవారేసరికి ఆకాశం కడిగిన గిన్నెలా ఉంది. పదకొండింటికి హెలికాప్టర్ వస్తుందని ముందురోజు కబురు వచ్చింది. పన్నెండు మంది వెళ్లడానికి సిద్ధమయ్యారు. వాళ్లలో ఆంగ్‌మో ఒకతె. ఆదివారం సిమ్లాలో ఆమెకి నర్సు ఉద్యోగం పరీక్ష. ఏడాదికి ఒక్కసారి జరిగే పరీక్ష. ఇరవై ఆరేళ్ల పిల్ల, రోజూ పొద్దున పొయ్యి పక్కన కూర్చుని పైకి చదువుతుంటే ఆ పాఠాలు గోడ బయటున్న నాకు కూడా వచ్చేశాయి. మనిషికి ఎముకలు రెండు వందల ఆరు. నా స్క్రూల కన్నా పది తక్కువ.

ఆ పొద్దున మేం మడి దగ్గరికి చేరేసరికి ఎనిమిదిన్నర. పారినాయుడు మంచులో పాతిన కొలకర్ర చూశాడు, అంకెలు రాసుకున్నాడు, గుంట తవ్వడం మొదలుపెట్టాడు. పైన మోచేతి లోతున గాలి కొట్టి బిగిసిన పలక. దాని కింద చేయి పెట్టి లాగితే గుప్పెట్లోకి వచ్చింది మంచు కాదు, పంచదార. పొడిపొడిగా, ఒకదానికొకటి అంటని పలుకులు. పళ్లెం నిండా పంచదార పోసి దానిమీద బండ పరిచి, పళ్లేన్ని ఏటవాలుగా పట్టుకున్నట్టు ఉంది కొండ. ఆయన లేచి రెండడుగులు వెనక్కి వేశాడు. కాళ్ల కింద మంచు "హుఫ్" మని ఒక్కసారి ఊపిరి వదిలినట్టు కుంగింది. కంచె దగ్గర మొదలైన పగులు గీత ఎగువ వాలు మీదికి పాకుతూ పోయింది. ఆ వాలు అవతలి మొహమే నాలా నెత్తి.

"ఎండ తగిలితే..." అని, ఆయన గడియారం చూసుకున్నాడు. తొమ్మిదీ పది. నాలా మీద ఎండ పడేది పదిన్నరకి.

జేబులోంచి ఫోన్ తీశాడు. తొమ్మిది రోజులు ఎండ లేక టవర్ బ్యాటరీలు పడుకున్నాయి. ఫోన్ మళ్ళీ జేబులో పెట్టుకుని, పారనీ పుస్తకాన్నీ అక్కడే వదిలేసి నన్ను ఎక్కాడు. ప్రభుత్వ పుస్తకాన్ని మంచులో వదిలేయడం ఆయన ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి.

మామూలుగా మేం దిగేటప్పుడు ఆయన రెండు కాళ్లూ కాస్త చాపి, వెనక బ్రేకు నొక్కుతూ వదులుతూ, పసిపిల్లని దింపినట్టు దింపుతాడు. ఆ రోజు బ్రేకు ముట్టుకోలేదు. చెవుల్లో గాలి, కింద స్క్రూలు గడ్డని కరిచే కరకర. రెండో కిలోమీటరు దగ్గర ఊటనీళ్లు రోడ్డు మీద పారి పేరుకున్న నీలం గడ్డ ఉంది. రోడ్డు వెడల్పంతా అద్దం. రోజూ అక్కడ దిగి నడిచేవాళ్లం. ఆ రోజు దిగలేదు. "తిన్నగా పోనీ, తిన్నగా" అన్నాడు. నాతో అన్నాడో తనతో అన్నాడో తెలియదు. ముప్పావు వంతు తిన్నగానే పోయాం. తర్వాత నేను ఒక పక్కకీ ఆయన ఒక పక్కకీ పోయాం. రోడ్డు అంచు మంచుగట్టుకి ఆయన భుజం కొట్టుకున్న చప్పుడు నాకు వినబడింది. లేచి నిలబడ్డాడు. ఎడమ చేయి పైకి లేవలేదు. మెడ కింద కంటె ఎముక విరిగిందని మాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం ఆయన "రెండొందల ఏడు" అన్నాడు. ఆంగ్‌మో పాఠం ఆయన కూడా వినేవాడు. ఒక ఎముక రెండయిందని లెక్క సరిచేశాడన్నమాట. కుడి చేత్తో నన్ను లేపి మళ్ళీ ఎక్కాడు.

ఊళ్లోకి వచ్చేసరికి కొట్టు మూసి ఉంది. గొర్రెలకి గడ్డి వేస్తున్న ఒకావిడ చేయి చాపి దిగువకి చూపించింది. వెళ్లి పావుగంటయిందట. దెచెన్ కూడా చెల్లెల్ని ఎక్కించడానికి వెళ్లింది.

ఊరు దాటాక దారి చదును. దిగినంతసేపూ తొక్కే పని లేదు, ఇప్పుడు తొక్కాలి. ఆయన తొక్కాడు. పెడల్ తిరిగింది గానీ చక్రం కదల్లేదు. నా వెనక చక్రం ఫ్రీవీల్‌లో గ్రీజు చలికి మైనంలా బిగిసి, పళ్లని పట్టుకునే లోపలి నాలుకలు అతుక్కుపోయాయి. ఎంత తొక్కినా ఉత్తినే తిరుగుతుంది. చలికాలమంతా నేను ఆయనకి ఎప్పుడూ అలా చేయలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

పారినాయుడు దిగి, కోటు లోపల్నించి ఫ్లాస్కు తీసి, మూత పళ్లతో విప్పి, దెచెన్ ఇచ్చిన వేడి టీ అంతా నా వెనక ఇరుసు మీద పోశాడు. వెన్న, ఉప్పు, అన్నీ. పెడల్ వెనక్కి తిప్పాడు, ముందుకి తిప్పాడు. నాలుగోసారి లోపల "టక్" మంది. ఒంటిచేత్తో హ్యాండిల్ పట్టుకుని బయల్దేరాడు. ఆ టీ తర్వాత గడ్డకట్టి వారంపాటు నన్ను ఏడిపించింది, అది వేరే సంగతి.

వాళ్లు నాలాకి ఇంకో వంద గజాల్లో ఉన్నారు. ఒకరి వెనక ఒకరు, మూటలు వీపున కట్టుకుని వెళుతున్నారు. దారి పక్కనుంచి దాటుకుని ముందుకి పోయి, నన్ను అడ్డంగా పడేసి, ఆయన నా వెనక నిలబడ్డాడు. ఊపిరాడక కుడి చేయి అడ్డం పెట్టి ఊపుతూ ఉండిపోయాడు.

"మంచు చరియ పడొచ్చు" అన్నాడు ఆఖరికి. "దాటొద్దు."

ముందున్న ముసలాయన తండుప్ తాత తల పైకెత్తి నాలా నెత్తి చూశాడు. తెల్లగా, నున్నగా, పెళ్లిపందిట్లో కొత్త దుప్పటిలా ఉంది.

ఆంగ్‌మో ముందుకి వచ్చింది. "పడుతుందా, పడొచ్చా?"

"పడొచ్చు."

"ఇవాళే?"

"తెలీదు."

"ఎన్నింటికి?"

"తెలీదు."

"మరి మీకు తెలిసింది ఏమిటి?"

పారినాయుడు అబద్ధం ఒక్కటి చెప్పి ఉంటే పని సులువయ్యేది. "నేనైతే దాటను. అంతే తెలుసు" అన్నాడు.

"నేను దాటుతాను" అని ఆంగ్‌మో నన్ను హ్యాండిల్ పట్టుకుని లేపి పక్కకి విసిరేసింది. బలమైన పిల్ల. ఆమె నాలుగడుగులు వేసేలోగా తండుప్ తాత మూట దించి దారికి అడ్డంగా దానిమీద కూర్చున్నాడు. "నాకు ఎనభై ఒకటి. కళ్లు బాగుచేయించుకోవడానికి పోతున్నా. ఈ బాబుని చూడు, చేయి వేలాడుతోంది. సరదాకి ఇలా ఎవరూ రారు" అన్నాడు.

దెచెన్ వెళ్లి చెల్లెలి మణికట్టు పట్టుకుంది. ఆంగ్‌మో విడిపించుకోబోయింది. దెచెన్ వదల్లేదు. ఆ పెనుగులాటలోనే పదకొండయింది, హెలికాప్టర్ మోత వినబడింది. అవతల దిగింది. మంచు పొడి లేచింది. అది పది నిమిషాలు ఆగడం, ఎవరూ రాకపోవడం, మళ్ళీ లేవడం, కనుమ మీదుగా చిన్న ఈగై మాయమవడం అందరూ చూశారు.

నాలా మీద అప్పటికే ఎండ పడింది. ఏమీ జరగలేదు. పన్నెండయింది, ఒంటిగంటయింది. పలుకు కూడా రాలలేదు. ఒక కొండ అంత మర్యాదగా ఉండటం నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు.

ఊళ్లోకి తిరిగి వెళ్లేటప్పుడు ఆంగ్‌మో ఏడవలేదు. పారినాయుడి పక్కనుంచి పోతూ "ఏడాది" అని ఒక్క మాట అంది.

మర్నాటి నుంచి ఆయన ఫ్లాస్కులోకి టీ రాలేదు. ఊళ్లో ఎవరూ పలకరించలేదు. ఎముక కట్టే పెద్దమనిషి వచ్చి కట్టు కట్టాడు గానీ కట్టినంతసేపూ గోడవైపే చూశాడు. వైర్‌లెస్‌లో శాఖ నుంచి సంజాయిషీ అడిగారు. అంకెలు పంపడం మీ పని, హెచ్చరికలు ఇచ్చే అధికారం మీకు ఎవరిచ్చారు అని. ఆయన ఇంగ్లీషులో జవాబు రాశాడు: "ఎవరూ ఇవ్వలేదు. అక్కడ నేనొక్కణ్ణే ఉన్నాను." అంతే రాసి పంపేశాడు.

చేయి మెడకి వేలాడేసుకుని, నన్ను చేతికర్రలా తోసుకుంటూ రోజూ మడికి వెళ్లేవాడు. గుంట తవ్వలేక ఊరికే పగులు దగ్గర నిలబడి చూసి వచ్చేవాడు. నాతో కూడా మాట్లాడలేదు. ఆ ఐదు రోజులూ నేను తెలుగు వినలేదు.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండూ నలభైకి నాలా దిగింది. ముందు చప్పుడు లేదు. కొట్టు కిటికీ అద్దాలు అదిరాయి. తర్వాత దూరంగా రైలు వంతెన మీద పోతున్నట్టు మోత. ఆ తర్వాత తెల్లటి మబ్బొకటి నేల మీదినుంచి లేచి ఊరిదాకా వచ్చి, అందరి నెత్తిన పిండి జల్లి వెళ్లింది. అది తేరుకున్నాక చూస్తే, దారి ఉన్నచోట మూడంతస్తుల ఎత్తున మంచు గుట్ట. అందులోంచి ఒక దేవదారు వేళ్లతో సహా తలకిందులుగా నిలబడి ఉంది. దారిలో ఆ సమయానికి ఎవరూ లేరు.

పారినాయుడు దగ్గరికి దండలతో ఎవరైనా వస్తారేమోనని నేను అనుకున్నాను. ఎవరూ రాలేదు. వాళ్లని తప్పుపట్టలేం. జరగనిదానికి కృతజ్ఞత ఎలా చెప్పాలో ఎవరికీ అలవాటుండదు.

సాయంత్రం ఎండ తగ్గకముందు ఆంగ్‌మో వచ్చింది. గడపలోనే నిలబడింది.

"మీరు ఆపిన రోజు పడలేదు. పడిన రోజు ఎవరూ లేరు" అంది. "ఆ రోజు దాటి ఉంటే నేను ఆదివారం పరీక్ష రాసి ఉండేదాన్ని. ఔనా?"

"ఔను" అన్నాడు పారినాయుడు.

"మరి మీరు చేసింది ఏమిటి?"

"నాకూ తెలీదమ్మా." కిందికి చూస్తూ చెప్పాడు. "ఈ ఐదు రోజులూ నేను పైన నిలబడి చూసింది మంచుని కాదు. పడకపోతే బాగుండు, ఎవరికీ ఏమీ కాదు అని ఒకసారి అనుకునేవాణ్ణి. పడితే బాగుండు, నా మాట నిజమవుతుంది అని ఒకసారి అనుకునేవాణ్ణి. రెండోదే ఎక్కువసార్లు అనుకున్నాను. అలా అనుకున్నవాడు మంచివాడా కాదా అన్నది కూడా నాకు తెలీదు."

ఆంగ్‌మో ఆయన వేలాడేసిన చేతిని చూసింది. పక్కనున్న నన్ను చూసింది. నా ముందు చక్రం ఆమె విసిరేసినప్పుడు వంగి, అప్పట్నుంచి తిరిగినప్పుడల్లా ఒకచోట ఫోర్కుకి రాసుకుంటోంది.

"రేపు గుంట ఎవరు తవ్వుతారు?" అని అడిగింది.

మర్నాడు పార ఆమె పట్టుకుంది. పారినాయుడు ఒడ్డున కూర్చుని ఎక్కడ తవ్వాలో చెప్పాడు. పలక కింద చేయి పెట్టి లాగమన్నాడు. ఆమె లాగింది. గుప్పెడు పంచదార ఆమె గ్లవ్ మీద నుంచి జారి పోయింది. మళ్ళీ తీసింది. మళ్ళీ జారిపోయింది. అలా మూడుసార్లు చేసి, తలెత్తి ఎగువ వాలు చూసింది. ఆ మర్నాడు ఫ్లాస్కు నిండి వచ్చింది.

ఆ చలికాలమే ఆమె నా మీద నేర్చుకుంది. పారినాయుడికి మూడు వారాలు పట్టిన పని ఆమెకి నాలుగు రోజులు పట్టింది. ఆయన దానికి కాస్త నొచ్చుకున్నాడు. మరుసటి ఏడు హెలికాప్టర్ సరిగ్గా వచ్చింది, ఆమె సిమ్లా వెళ్లి పరీక్ష రాసింది. తప్పింది. ఆ తప్పుని మాత్రం మా మీద వేయలేదు. తండుప్ తాత కళ్లు బాగుపడ్డాయి. బాగుపడిన కళ్లతో ఊరంతా చూసి, అందరూ ముసలాళ్లయిపోయారని బాధపడ్డాడు.

మూడో ఏట ఆ కేంద్రంలో పనిచేయడానికి ఊరివాళ్లనే ఒకర్ని తీసుకోవాలని శాఖ నిర్ణయించింది. ఆంగ్‌మోని తీసుకున్నారు. పారినాయుడికి బదిలీ వచ్చింది, శ్రీకాకుళం కాదు, బందరు. అక్కడ తుఫాన్లు చూడాలట. వెళ్లేరోజు ఆయన నా దగ్గర నిలబడి, సీటు మీద రెండుసార్లు తట్టి, "ముందు బ్రేకు జాగ్రత్త" అన్నాడు. నాతో ఆయన అన్న ఆఖరి తెలుగు మాట అది. దెచెన్ ఆయన సంచిలో ఎండు ముల్లంగి ఆకు పొట్లం పెట్టింది. ఈశ్వరి దాన్ని ఏం చేసిందో నాకు కబురు లేదు.

ఇప్పుడు నాకు పెయింటు లేదు. కొండల కోసం పుట్టానన్న అక్షరాల్లో సగం రాలిపోయాయి. టైర్లు రెండుసార్లు మారాయి, స్క్రూలు ఆంగ్‌మోయే కొడుతుంది. సీటు కింద పైపుకి పగులొచ్చిందని చుట్టూ తీగ చుట్టింది. ఇంకో రెండు చలికాలాలు వస్తానేమో. నన్ను ఏ మ్యూజియంలోనూ పెట్టరు. పెట్టినా అక్కడ మంచు ఉండదు.

మొన్న జనవరిలో ఆమె ఇరవై మందిని నాలా దగ్గర ఆపేసింది. పెళ్లికి వెళుతున్నవాళ్లు. పెళ్లికొడుకు కూడా అందులోనే ఉన్నాడు. నన్ను అడ్డంగా పెట్టింది. వాళ్లు ఆమెని తిట్టిన తిట్లలో కొన్ని నాకు కొత్తవి. రోజంతా ఎండ కాసింది. ఏమీ పడలేదు. వాళ్లు తిడుతూనే ఊళ్లోకి తిరిగి వెళ్లారు.

ఆంగ్‌మో కేంద్రం మెట్టు మీద కూర్చుని, గ్లవ్స్ విప్పి, బందరుకి ఫోన్ చేసింది. అవతలి గొంతు నాకు కూడా వినబడేంత గట్టిగా ఉంది. అక్కడ గాలి వీస్తున్నట్టుంది.

"పడలేదు" అంది ఆంగ్‌మో.

"బాగుంది" అన్నాడు పారినాయుడు.

"అందరూ తిట్టారు."

"ఎంతమంది?"

"ఇరవై మంది."

"ఇరవై మందీ తిట్టారా?"

ఆంగ్‌మో కాస్త ఆలోచించింది. "ఇరవై మందీ" అంది.

"అయితే ఇరవై మందీ ఉన్నారన్నమాట. లెక్క సరిపోయింది" అన్నాడాయన.

ఆమె ఫోన్ పక్కన పెట్టి, నా ఫ్రీవీల్‌లో ఇరుక్కున్న గడ్డని చిన్న పుల్లతో పొడిచి తీయడం మొదలుపెట్టింది.